అయిదు గిన్నెల ముందు పదహారేళ్ళ పిల్ల



పదహారేళ్ళ ఆడపిల్ల నిండుసభలో నిలబడి ఉంది. ఆమె ముందు అయిదు పెద్ద గిన్నెలు. ఒకదానిలో బూడిదరంగు రాళ్ళు, ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో మట్టి, ఒకదానిలో గాజు, ఒకదానిలో కణకణలాడే నిప్పులు. చేతికి కత్తి ఇస్తారు. అరచేయి కోసుకుని ఏ గిన్నెలో రక్తపుబొట్టు రాల్చితే ఆ పిల్ల బతుకంతా ఇక ఆ వర్గంలోనే. తల్లిదండ్రులు ఒక వర్గంలో ఉండి, పిల్ల మరో వర్గం ఎంచుకుంటే, ఆ క్షణం నుంచి పుట్టింటికి పరాయిదే. రక్తసంబంధం కన్నా వర్గమే ముందన్నది ఆ నగరం నియమం.

ఇది ‘డైవర్జెంట్’ అనే ఇంగ్లీషు నవలలోని ఘట్టం. 2011లో వెలువడింది. రచయిత్రి వెరోనికా రాత్ అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఉండగానే దీన్ని రాసింది. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకు 22 ఏళ్ళు. తరువాత 2012లో ‘ఇన్‌సర్జెంట్’, 2013లో ‘అలీజియంట్’ అని మరో రెండు భాగాలు వచ్చాయి. 2014లో మొదటి భాగాన్ని సినిమాగా తీశారు. రాబోయే కాలపు షికాగో నగరంలో నడిచే కథ. వైజ్ఞానిక కల్పన, దానిలో ఒక ప్రేమకథ.

ఇటువంటి నవలలను ఇంగ్లీషులో యంగ్ అడల్ట్ నవలలంటారు. పన్నెండు, పద్దెనిమిదేళ్ళ మధ్య వయసు పిల్లల కోసం రాసేవన్నమాట. మన తెలుగులో ఈ మెట్టు ఒకటి సరిగా కట్టలేదనే చెప్పాలి. 1947లో మొదలైన ‘చందమామ’ చేతపట్టుకుని పెరిగిన పిల్లలు, మీసాలు మొలిచే వేళకు ఒక్క దూకులో వారపత్రికల సీరియళ్ళలో పడేవారు. నడుమ ఏమీ లేదు. సినిమాలో మాత్రం 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు ‘ఆదిత్య 369’ తీసి, ప్రేమికులను కాలయంత్రం ఎక్కించి ఒకసారి కృష్ణదేవరాయల 1526కూ, ఒకసారి 2504కూ పంపించారు. ఇంటిల్లిపాదీ చూశారు. పుస్తకాల్లో ఆ వయసు పిల్లలకు అంతటి విందు దొరకలేదు. కనుక ఇంగ్లీషు చదవగలిగిన మన పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలకే పోతున్నారు. మా చెల్లెలి కూతురు ఒకతె నాందేడ్‌లో కాలేజీకి పోతూ వస్తూ, రైల్లో ఈ నవల మూడు భాగాలూ చదివేసింది. “మామా, నువ్వు కూడా చదువు, తరువాత మాట్లాడుకుందాం” అని నా చేతిలో పెట్టింది. చదివాను. కొంత నచ్చింది, కొంత గుచ్చుకుంది. ఆ రెండూ మీతో చెప్పుకుందామనే ఈ ప్రసంగం.

ముందు కథలోని ఏర్పాటు చెప్పాలి. పూర్వం యుద్ధాలెందుకు వచ్చాయని ఆ నగరం పెద్దలు ఆలోచించారట. స్వార్థం వల్లనని కొందరు, అజ్ఞానం వల్లనని కొందరు, అబద్ధం వల్లనని కొందరు, పిరికితనం వల్లనని కొందరు, కయ్యాలమారితనం వల్లనని మరికొందరు తేల్చారు. ఎవరి అభిప్రాయం ప్రకారం వాళ్ళు విడిపోయి అయిదు వర్గాలు కట్టారు. నిస్వార్థులు బూడిదరంగు బట్టలు కట్టి పరిపాలన చూస్తారు. మేధావులు నీలం బట్టలు కట్టి పుస్తకాలు, ప్రయోగశాలలు చూస్తారు. సత్యవాదులకు తెలుపూ నలుపూ. శాంతికాముకులు పొలాలు దున్నుతారు. ధైర్యవంతులు నల్లబట్టలు వేసి నగరానికి కాపలా కాస్తారు. ఏ వర్గంలోనూ చేరలేకపోయినవాళ్ళు, పరీక్షల్లో తప్పినవాళ్ళు, వీధులు ఊడుస్తూ, బస్సులు తోలుతూ, ఎవరైనా పెడితే తింటూ బతుకుతారు. వాళ్ళకు వర్గం పేరు కూడా లేదు.

కథానాయిక బియాట్రిస్ నిస్వార్థుల ఇంటి పిల్ల. ఆ ఇంట్లో అద్దం ఒక పలక వెనుక దాచి ఉంటుంది. మూడు నెలలకొకసారి తల్లి జుట్టు కత్తిరించేటప్పుడు మాత్రమే చూసుకోవాలి. తన ముఖం తాను చూసుకోవడం కూడా స్వార్థమేనన్నమాట. నవల ఆ అద్దం దగ్గరే మొదలవుతుంది. ఇరవై రెండేళ్ళ అమ్మాయి తన మొదటి నవలను ఇంత నేర్పుగా ఎత్తుకుందంటే నాకు ముచ్చటేసింది.

గిన్నెల సభకు ముందురోజు ఒక పరీక్ష ఉంటుంది. పిల్లకు ఒక మందు తాగిస్తారు. కల వంటిది వస్తుంది. రెండు బుట్టలు కనబడతాయి, ఒకదానిలో జున్నుముక్క, మరొకదానిలో కత్తి. ఏదో ఒకటి తీసుకొమ్మంటారు. తరువాత ఒక కుక్క మీదికి వస్తుంది. పిల్ల చేసే పనినిబట్టి ఆమె ఏ వర్గానికి తగినదో లెక్కకడతారు. బియాట్రిస్ జున్నూ తీసుకోదు, కత్తీ తీసుకోదు. లెక్క తేలదు. నిస్వార్థులకూ తగినదే, మేధావులకూ తగినదే, ధైర్యవంతులకూ తగినదే అని వస్తుంది. ఒక్క గిన్నెలో ఇమడని ఇటువంటివాళ్ళనే ‘డైవర్జెంట్’ అంటారు. పరీక్ష పెట్టిన ఆవిడ బెదిరిపోయి, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దు, తెలిస్తే ప్రాణాలకే ముప్పు అని హెచ్చరించి పంపిస్తుంది.

శ్రోతలారా, ఈ పరీక్ష సంగతి చదువుతూ ఉంటే మన వైపు పిల్లలకు ఒకటి జ్ఞాపకం రాక తప్పదు. మహారాష్ట్రలో 2016 నుంచి కొన్నేళ్ళపాటు పదవ తరగతి పిల్లలందరికీ ‘కల్ చాచణి’ అని ఒక పరీక్ష పెట్టారు. కల్ అంటే మరాఠీలో మొగ్గు, అభిరుచి. మార్కుల కోసం కాదు, పిల్ల మొగ్గు ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి. ఉద్దేశం మంచిదే. ఇష్టంలేని చదువులో పిల్లను పడేయకుండా ఉండటానికి సాయపడవచ్చు. అయితే పదిహేనేళ్ళ పిల్లకు వచ్చిన కాగితాన్ని తండ్రి పట్టుకుని, “నీకు ఇదే రాసి ఉంది” అంటే, ఆ కాగితం సలహా కాక తీర్పు అయిపోతుంది. నవల పట్టుకున్నది సరిగ్గా ఆ భయాన్నే. అమెరికా పిల్లలకు ఆ భయం ఉన్నట్టే, ధర్మాబాద్ పిల్లలకూ ఉంది. సైన్సా, కామర్సా, ఆర్ట్సా అని మూడు గిన్నెలు పెట్టి మనమూ నిలబెడుతూనే ఉన్నాం కదా.

ఇంకో మాట. ఒక్క గిన్నెలో ఇమడకపోవడమన్నది మనవంటి సరిహద్దువాళ్ళకు కథ కాదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని భాషలవారీగా పంచారు. అప్పటి నాందేడ్ జిల్లా ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు కూడా అటే. ధర్మాబాద్ నాందేడ్‌తోపాటు ఇటు బొంబాయి రాష్ట్రంలో ఉండిపోయింది. 1960లో అది మహారాష్ట్ర అయింది. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు కూడా ఇటు వచ్చాయి. పంచినవాళ్ళకు ఏదో ఒక కొలత కావాలి, భాష అన్నారు, తప్పు పట్టలేం. కానీ ఆ కొలతకు లొంగని ఇళ్ళు వేలకువేలు మిగిలాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఉర్దూ. పక్క స్టేషన్ బాసరలో బిడ్డకు తెలుగులో అక్షరాభ్యాసం చేయించి, తిరిగొచ్చి మరాఠీ బడిలో వేసే తల్లిదండ్రులు మా ఊళ్ళో ఎందరో. మరాఠీవాళ్ళు కూడా అదే సరస్వతమ్మ దగ్గరికి బిడ్డలను ఎత్తుకుపోతారు. మా మిర్చి బజారులో ఎర్రకారం బేరమాడేవాళ్ళ మాట వింటే, ఒకే వాక్యంలో ఎన్ని భాషలున్నాయో లెక్కపెట్టలేం. ఇట్లాంటి ఊరివాడిని ‘నీది ఏ వర్గం’ అని అడిగితే, జున్నూ వద్దు, కత్తీ వద్దు అన్న పిల్ల మాటే వాడి మాట. అందుకే ఈ నవల మొదటి భాగం చదువుతూ నాకు షికాగో పరాయి ఊరనిపించలేదు.

సరే, సభలో బియాట్రిస్ అన్న కేలబ్ మేధావుల గిన్నెలో రక్తం రాలుస్తాడు. కన్నవాళ్ళకు అదొక దెబ్బ. ఈమె చేయి రాళ్ళకూ నిప్పులకూ మధ్య ఊగి, చివరకు నిప్పుల మీద బొట్టు పడుతుంది. ధైర్యవంతుల వర్గంలో చేరి, పేరు ట్రిస్ అని మార్చుకుంటుంది. అక్కడినుంచి శిక్షణ. కదిలే రైలు ఎక్కాలి, కదిలే రైల్లోంచి మేడమీదికి దూకాలి, ఆ మేడ మీదినుంచి కిందికి దూకాలి, తోటివాళ్ళతో ముష్టియుద్ధాలు చేయాలి. ఈ భాగం నాకు నచ్చలేదు. ధైర్యం అంటే రైల్లోంచి దూకడమేనా? మా ఊరు రైల్వే లైను మీది ఊరు. బండి ఆగకముందే దిగే కుర్రాళ్ళను రోజూ చూస్తున్నాం. వాళ్ళను ధైర్యవంతులనలేం. రచయిత్రికీ ఆ సంగతి తెలుసు. ధైర్యం అన్నది ఆ వర్గంలో క్రమంగా క్రూరత్వంగా మారిపోయిందని పాత్రలచేత చెప్పిస్తుంది. అయినా ఆ దూకుళ్ళను వర్ణించేటప్పుడు మాత్రం ఆమె కలం ఉత్సాహం ఆపుకోలేదు. చదివే పిల్లకు మిగిలేది విమర్శ కాదు, ఆ గాలి, ఆ వేగం.

ఇక ప్రేమ. ట్రిస్‌కు శిక్షణ ఇచ్చేవాడు ఫోర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. అసలు పేరు టోబయస్. శిక్షణలో భాగంగా మందు ఎక్కించి ఎవరి భయాలను వాళ్ళకు చూపిస్తారు. చాలామందికి పది, పదిహేను భయాలుంటే ఇతనికి నాలుగే. అందుకే ఫోర్ అని పేరు. ఎత్తైన చోటు ఒక భయం, ఇరుకు గది ఒక భయం, మనిషిని చంపవలసి రావడం ఒక భయం, నాలుగోది కన్నతండ్రి. బెల్టు చేతబట్టుకుని మీదికొచ్చే తండ్రి. ఆ తండ్రి బయటి లోకానికి నిస్వార్థుల నాయకుడు, పెద్దమనిషి. ఒకనాడు ఫోర్ తన భయాల్లోకి ట్రిస్‌ను వెంటబెట్టుకుని తీసుకుపోతాడు. ఇరుకు గదిలో ఇద్దరూ ముడుచుకుని కూర్చుంటారు. తండ్రి బెల్టు ఎత్తినప్పుడు పిల్ల అడ్డం వస్తుంది. ప్రేమకథల్లో పూలతోటలు, వానలు, ఉత్తరాలు చాలా చదివాం. ఒకరి భయాన్ని మరొకరికి చూపించడమే ప్రేమ అన్న ఈ ఘట్టం నేను ఇంతకుముందు ఎక్కడా చదవలేదు. ఇది కాలక్షేపపు రాత కాదు.

ట్రిస్ భయాల జాబితాలో కూడా ఒక విచిత్రమైనది ఉంది. తనను ప్రేమించేవాడి దగ్గరితనమే ఆమెకు భయం. ఆ మాట సిగ్గుపడకుండా, రెచ్చగొట్టకుండా రాసింది రచయిత్రి. అతను తొందరపెట్టడు, ఆగుతాడు. ఆ వయసు పిల్లలకు ఈ మాట చెప్పేవాళ్ళు ఇళ్ళలో లేరు, సినిమాల్లో అసలే లేరు. మా మేనకోడలితో నేను ఈ పేజీల గురించి మాట్లాడలేదు, మామను కదా, మాట్లాడలేకపోయాను. అయితే ఆమె చదివింది, నేను చదివానని ఆమెకు తెలుసు.

కానీ అదే ఫోర్, ఆ పిల్లను గురిపలక ముందు నిలబెట్టి కత్తులు విసురుతాడు. ఒక కత్తి చెవిని గీసుకుపోతుంది. భయపడిన తోటి కుర్రాడి బదులు తాను నిలబడతానని ట్రిస్ ముందుకొచ్చింది, పై అధికారి ఆజ్ఞ, ఇతనికి తప్పలేదు, అన్నీ నిజమే. తరువాత అతను సంజాయిషీ చెప్పుకుంటాడు కూడా. అయినా, గురువు స్థానంలో ఉన్నవాడు శిష్యురాలి చెవి కోసి, ఆపైన ప్రేమికుడు కావడం దగ్గర నా మనసు మొరాయించింది. గాయపరచినవాడి కఠినత్వం వెనుక ప్రేమ దాగి ఉంటుందని ఆడపిల్లలకు మన సినిమాలు ఎంతకాలంగా నేర్పుతున్నాయి! ఆ పాత విషం ఈ కొత్త సీసాలో కూడా రెండు చుక్కలు పడింది. ఆడపిల్లలున్న తల్లిదండ్రులు పుస్తకం లాక్కోనక్కరలేదు. ఈ ఘట్టం దగ్గర ఆగి, నీకేమనిపించింది అని అడిగితే చాలు.

నాకు ఈ నవలలో అందరికన్నా పెద్దగా కనిపించిన పాత్ర ట్రిస్ కాదు, ఫోర్ కాదు, తల్లి నటాలీ. బూడిదరంగు బట్టల్లో తల వంచుకుని ఇంటిపని చేసుకునే ఆ తల్లి, ఆపదవేళ తుపాకీ పట్టుకుని కూతురికోసం వస్తుంది. ఈమె ఒకప్పుడు ధైర్యవంతుల్లో ఉండేదన్న సంగతి అప్పుడు రూఢి అవుతుంది. ఇన్నేళ్ళు కడుపున పుట్టినవాళ్ళకు కూడా చెప్పలేదు. నిజామాబాద్ నుంచి, ఆదిలాబాద్ నుంచి మన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు కోడళ్ళై వచ్చిన ఆడవాళ్ళను తలుచుకోండి. పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఒక రాష్ట్రం. తెలుగు అక్షరాలు నేర్చుకుని వచ్చి, పిల్లల మరాఠీ పుస్తకాలు చదవలేక, చదువురాని తల్లిగా పేరుపడ్డవాళ్ళెందరు! వాళ్ళకు ఏమేమి వచ్చో పిల్లలకు తెలియదు. పాత పెట్టె అడుగున ఒక వారపత్రిక దొరికినప్పుడు, అమ్మ దాన్ని గడగడా చదివినప్పుడు, అప్పుడు తెలుస్తుంది. నటాలీ తరువాత ఏమయిందో నేను చెప్పను, చదువుకోవలసిందే.

సైన్సు మాటకొస్తే పుస్తకం పలచన. భయం చూపించడానికొక మందు, అబద్ధం చెప్పకుండా ఉండటానికొక మందు, జనాన్ని బొమ్మల్లా ఆడించడానికొక మందు. మేధావుల నాయకురాలు జనీన్ మాథ్యూస్ ఆ మందుతోనే ధైర్యవంతులందరినీ నిద్రలో నడిచే సైన్యంగా మార్చి, నిస్వార్థుల మీదికి తోలుతుంది. మందు ఎట్లా పనిచేస్తుందో వివరం బహు తక్కువ. మన మరాఠీ శ్రోతలు జయంత్ నార్ళీకర్‌గారి కథలకు అలవాటుపడ్డవాళ్ళు. ఖగోళ శాస్త్రవేత్త అయిన నార్ళీకర్‌గారు 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి ‘కృష్ణవివర్’ అనే కథ పంపారు. తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని పొడి అక్షరాలు తిరగేసి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అని మారుపేరు పెట్టి, చేతివ్రాత గుర్తుపడతారేమోనని భార్యచేత రాయించి పంపారు. మొదటి బహుమతి వచ్చింది. 2025 మే నెలలో ఆయన కన్నుమూశారు. ఆయన కథల్లో సైన్సు తీసేస్తే కథ కూలిపోతుంది. ‘డైవర్జెంట్’లో మందుల బదులు మంత్రాలు పెట్టినా కథ నడుస్తుంది. ఆ తేడా ఉంది.

అసలు నాకు గుచ్చుకున్నది మూడో భాగంలో ఉంది. నగరం గోడలు దాటి బయటికి పోయాక తెలుస్తుంది, ఈ అయిదు వర్గాల ఏర్పాటంతా ఒక ప్రయోగమని. వెనుకటికి ఎవరో మనుషుల జన్యువులను సరిదిద్దబోయి చెడగొట్టారట. చెడిన జన్యువులు తరతరాలకూ బాగుపడతాయేమో చూడటానికి ఈ నగరాన్ని మూసిపెట్టారట. బాగుపడినవాళ్ళే డైవర్జెంట్లు. మిగిలినవాళ్ళు చెడిన రక్తంవాళ్ళు. ఫోర్‌కు రక్తపరీక్ష చేసి, నువ్వు డైవర్జెంట్‌వి కావు పొమ్మంటారు.

ఇక్కడ నాకు ఉసూరుమనిపించింది. ఒక్క గిన్నెలో ఇమడకపోవడం మనిషి గొప్పతనం అనుకుంటూ రెండు పుస్తకాలు చదివాను. అది మనసు వెడల్పు, పలువురి మధ్య పెరగడంవల్ల వచ్చిన పెద్దమనసు అనుకున్నాను. తీరా చూస్తే రక్తం శుద్ధి అట. కలగలుపుకు పట్టం కట్టిన రచయిత్రే, అది నిజానికి స్వచ్ఛతకు గుర్తు అనేసింది. కులం పేరుతో, వంశం పేరుతో రక్తం మాట మనం తక్కువ విన్నామా? నాలుగు భాషల మధ్య పెరిగిన ఒక పిల్లకు అన్నీ వచ్చాయంటే అది ఆమె నాలుక చేసిన కష్టం, ఆమె తల్లి చేసిన కష్టం. రక్తంలో ఏమీ రాసి లేదు.

ఈ మాటే మా మేనకోడలితో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. “మామా, రక్తం మాట అనేది ఆ ఆఫీసరుగాళ్ళు. ట్రిస్ ఎప్పుడన్నది? ట్రిస్ దాన్ని కాదంటుంది కదా. ఫోర్ రక్తపరీక్షలో ఫెయిలయినంత మాత్రాన ఆమె కళ్ళకు వేరేవాడు కాలేదు” అంది. ఆ మాటలో బలం ఉంది. ట్రిస్ నిజంగానే ఆ లెక్కను ఒప్పుకోదు, చివరిదాకా ఎదిరిస్తుంది. కథలో మనుషులు కాదన్నారు, నిజమే. కానీ కథను నడిపే యంత్రం మాత్రం ఔననే అంటోంది కదా, మందులకు లొంగని శక్తి ట్రిస్‌కు ఎక్కడినుంచి వచ్చిందో చూడు, అని నేనన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, మూడో పుస్తకం నా దగ్గరినుంచి తీసుకుని, మళ్ళీ చదివి చెబుతానని పట్టుకుపోయింది. ఇంకా తిరిగి ఇవ్వలేదు.

మొదటి భాగం మాత్రం మా ఇంట్లోనే ఉంది. ధర్మాబాద్ చుట్టుపక్కల ఎవరికైనా చదవాలని ఉంటే వచ్చి తీసుకుపోవచ్చు. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది, పదవ తరగతి దాటిన పిల్లలు చదవగలరు.